తప్పుకు తర్జుమా

మా పక్కింటివాళ్ళ కూలరు చెడిపోయింది. ఈ ఎండాకాలం వాళ్ళు కిటికీకి గోనెపట్టా కట్టి నీళ్ళు చల్లుతున్నారు. మధ్యాహ్నం గాలి అటునుంచి తిరిగితే తడి గోనె వాసన నా గదిలోకి వచ్చేస్తుంది. ఎవరూ ఇష్టపడి పీల్చే వాసన కాదది. పాత వడ్లు, మట్టి, కాస్త ముక్కిన చెమ్మ. నాకు మాత్రం అది తగలగానే వెన్ను దానంతటదే నిటారవుతుంది. బళ్ళారి సత్యనారాయణపేటలో ఒక మిద్దె కింద రెండు గదుల వర్క్‌షాపు ఉండేది. దాని యజమాని సామ్యేలప్ప సారు తన కంప్యూటరుకు వడదెబ్బ తగలకూడదని కిటికీకి ఇలాగే పట్టా కట్టి, పూటకు మూడుసార్లు చెంబుతో నీళ్ళు కొట్టేవారు. మనుషులకు మాత్రం ఒక్క ఫ్యాను. అదీ కిర్రుకిర్రుమంటూ తిరిగేది. అదేమని అడిగితే, మనకు చెమట పడుతుంది, పాపం దానికి పట్టదు కదా అనేవారు.

ఆయన దగ్గర చేరేనాటికి నా డిప్లొమా అయిపోయి ఏడాది దాటింది. మా నాన్నది కుడతినిలో థర్మల్ స్టేషన్ పని. చదివింది కన్నడంలో, మాట్లాడేది తెలుగులో, పరీక్షలు రాసింది ఇంగ్లీషులో. మూడింటిలోనూ నాది అరకొర పాండిత్యమే. మొదటిరోజు సారు నా మార్కుల కాగితం మడిచి పక్కన పెట్టి, కంప్యూటరులో ఏదో సర్క్యూటు నడిపించారు. అది సగంలో ఆగిపోయింది. తెరమీద ఎర్రటి అక్షరాల్లో ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది. అది ఏం చెబుతోందని అడిగారు. నేను గడగడా చదివేశాను.

“చదివినావులే పాపా. నేనడిగింది అది ఏం చెప్తాండాదని. తర్జుమా చెయ్యి.”

తర్జుమా అన్న మాట ఆయనకు చర్చి నుంచి వచ్చింది. వాళ్ళది పాత మిషన్ కుటుంబం. వాళ్ళ నాన్న, బయటినుంచి వచ్చే బోధకుల పక్కన నిలబడి వాళ్ళ ఇంగ్లీషును వాక్యం వాక్యంగా తెలుగులోకి తిప్పి చెప్పేవారట. అర్థం కాకపోతే సభ మధ్యలోనే ఆ పెద్దమనిషిని ఆపి మళ్ళీ అడిగేవారట తప్ప, సొంతంగా ఒక్క ముక్క కల్పించింది లేదట. కొడుకు అదే పద్ధతిని కరెంటు పనిలోకి తెచ్చారు. కంప్యూటరు తప్పు చూపించినప్పుడు మీట మీద వేలు పెట్టడానికి వీల్లేదు. ముందు ఆ తప్పును మన మాటల్లోకి తిప్పి పైకి చెప్పాలి. ఆ తర్వాతే చెయ్యి కదలాలి. మొదట్లో నాకిది చాదస్తంగా తోచింది. ఇంగ్లీషు రాని ముసలాయన తన లోపం కప్పిపుచ్చుకుంటున్నాడని కూడా అనుకున్నాను. ఆయన ఇంగ్లీషు నాకన్నా నూరుపాళ్ళు నయమని తెలిసేసరికి నెల పట్టింది.

నెల అంటే గుర్తొచ్చింది. సర్క్యూటులో ప్రతి ముక్కా ఎక్కడో ఒకచోట నేలను తాకి ఉండాలి. అంటే వోల్టులు కొలవడానికి సున్నా అని ఒక చోటు ఉండాలి. నేను మొదటిసారి సొంతంగా గీసిన బొమ్మలో ఒక ముక్క ఎటూ అంటకుండా గాలిలో వేలాడింది. కంప్యూటరు ఒప్పుకోలేదు. సారు వచ్చి చూశారు. కన్నడంలో నేలను ‘నెల’ అంటారు. ఆయన బడి చదువంతా కన్నడమే కాబట్టి తెలుగు మాట్లాడుతున్నా ఆ మాట అలాగే వచ్చేసింది. “నీ సర్క్యూటుకు నెల తప్పింది పాపా” అన్నారు, చాలా గంభీరంగా. పక్క గదిలో సోల్డరింగ్ చేస్తున్న ఈరమ్మక్క తల ఎత్తకుండానే “ఎన్నో నెల సార్?” అంది. నేను నవ్వు ఆపుకోలేక బల్లమీద తల పెట్టేశాను. ఆయనకు ఎందుకు నవ్వామో అర్థం కాలేదు. ఇంటికి వెళ్ళి భార్యను అడిగారట. మర్నాడు మా ఇద్దరి ముఖాలూ చూడకుండా నేరుగా పోయి పట్టామీద నీళ్ళు కొట్టుకున్నారు.

మేం చేసే పనేమిటో చెప్పాలి. గనుల లారీల బ్యాటరీ ఇరవైనాలుగు వోల్టులది. లారీ ఎక్కడుందో యజమాని ఫోనుకు చెప్పే యంత్రానికి పన్నెండు చాలు. మధ్యలో ఒక చిన్న పెట్టె కావాలి. అందులో ఒక స్విచ్చు సెకనుకు లక్షల సార్లు పడుతూ లేస్తూ, ఇరవైనాలుగును ముక్కలుగా కోసి పన్నెండుగా సర్ది పంపుతుంది. అదే కన్వర్టరు. దాన్ని చేతితో చేసేముందు కంప్యూటరులో గీసి, అక్కడే నడిపి చూసుకుంటాం. అందరూ దాన్ని సిమ్యులేషన్ అంటే సారు ‘ఉత్తుత్తి సర్క్యూటు’ అనేవారు. ఉత్తుత్తిదని ఆయనకు చులకన లేదు. నిజమైనది కాలితే పొగ వచ్చి ఊరందరికీ తెలుస్తుంది, ఉత్తుత్తిది కాలితే నీ ఒక్కదానికే తెలుస్తుంది, కాబట్టి అక్కడే ఎక్కువ భయంగా ఉండాలి అనేవారు. ఆ మాట నేను విన్నాను. బుర్రకెక్కించుకోలేదు.

సిరిగేరి బసిరెడ్డి మాకు పెద్ద ఆసామీ. వాళ్ళు తరతరాలుగా వరి పండించే కుటుంబం. ఈయన కాలానికి గనుల రోడ్డుమీద లారీలు కూడా వచ్చాయి. నలభై లారీలకు నలభై కన్వర్టర్లు కావాలన్నాడు. సారు లారీల అడ్డాకు వెళ్ళి, బ్యాటరీ నుంచి యంత్రం దాకా వైరు ఎంత పొడవుందో కొలుచుకొచ్చారు. మూడు మీటర్లు. ఆ వైరునూ, దాన్ని బ్యాటరీకి అంటించే క్షణాన్నీ కూడా ఉత్తుత్తి సర్క్యూటులో పెట్టి చూడమని నాకు చెప్పి, తాను కంటిలో పొర తీయించుకోవడానికి ఆస్పత్రిలో చేరారు.

చెప్పినట్టే పెట్టాను. సరిగ్గా వైరు అంటించే క్షణంలో నడక ఆగిపోయి ఎర్ర వాక్యం వచ్చింది. కంప్యూటరు ఈ లెక్కలో కాలాన్ని అడుగులు వేసుకుంటూ దాటుతుంది. మార్పు మెల్లగా ఉన్నచోట పెద్ద అంగలు, వేగంగా ఉన్నచోట చిన్న అడుగులు. ఆ అడుగు మరీ చిన్నదైపోయిందని ఆ వాక్యం అంటోంది. సారు లేకపోయినా పద్ధతి తప్పకూడదని పైకి తర్జుమా చేసుకున్నాను కూడా. ‘అడుగు మరీ చిన్నది.’ చిన్నదైతే పెద్దది చెయ్యాలి, అంతేగా. అడుగు పెంచాను. లెక్కలో ఎంత తేడా వరకు ఫరవాలేదో చెప్పే అంకె ఒకటుంటుంది, దాన్నీ వదులు చేశాను. నాలుగోసారికి ఎర్ర వాక్యం రాలేదు. పన్నెండు దగ్గర గీత చాప పరిచినట్టు సమంగా వచ్చింది. ఆ రోజు నా అంత గొప్ప ఇంజనీరు జిల్లాలో లేదనుకుంటూ బస్సెక్కాను.

మర్నాడు ఆ గీత ఉన్న కాగితం పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. ఆయన కంటికి పచ్చగుడ్డ కట్టి ఉంది. గీత సమంగా ఉందా అని అడిగారు. ఉంది సార్ అన్నాను. ఆయన నవ్వారు. ఆ గీతను ఎలా సమం చేశానో నేను చెప్పలేదు. ఆయన అడగలేదు.

పెట్టెలు లారీలెక్కిన రెండో నెల నుంచి కాలడం మొదలుపెట్టాయి. మొత్తం తొమ్మిది. అందులో మూడు మాబు అనే డ్రైవరు నడిపే ఒక్క లారీలోనే. కావాలనే కాలుస్తున్నాడని బసిరెడ్డి అతణ్ణి లారీ దింపేశాడు. అతను మా దగ్గరికొచ్చి గడప అవతలే నిలబడ్డాడు. నలభై ఏళ్ళ మనిషి, చేతిలో తువ్వాలు మెలిపెడుతున్నాడు. పెట్టెలో లోపముందని మీరొక మాట చెబితే రెడ్డి నన్ను మళ్ళీ ఎక్కించుకుంటాడు సార్ అన్నాడు. సారు అతన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఒకటే ప్రశ్న అడిగారు. వైరు పీకుతావా?

మాబు టీ గ్లాసు కింద పెట్టాడు. “కసం సార్, అబద్ధం చెప్పను. పీకుతా. మద్దేనం గంటసేపు ఒరిగినామంటే ఫోను మీద ఫోను, బండి యాడ నిలిపినావు, ఎందుకు నిలిపినావని. పీకేస్తే సిగ్నల్ లేదనుకుంటారు. లేచినాక మళ్ళా పెడతా. అందరూ చేసేదే సార్. కాలింది నాదే.”

అతను టీ తాగి వెళ్ళిపోయాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. పీకి పెట్టిన ప్రతిసారీ అది వైరు అంటించే క్షణమే. నా ఉత్తుత్తి సర్క్యూటు ఎక్కడ ఆగిందో అక్కడే. సారు కాలిన పెట్టెను అటూ ఇటూ తిప్పుతూ, ఈ చిప్పు నాసిరకం వచ్చిందేమో అన్నారు. ఎంత సులువైన దారి! అవును సార్ అంటే అయిపోతుంది. చిప్పులు అమ్మినవాడు ఏ ఊళ్ళోనో ఉంటాడు, వాడి ముఖం నేను చూడబోను. మాబు ముఖం మాత్రం ఇప్పుడే చూశాను. చెప్పేశాను. ఎర్ర వాక్యం వచ్చిందనీ, నాలుగుసార్లు అడుగు పెంచి దాని నోరు మూయించాననీ.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. పాత అంకెలు మళ్ళీ పెట్టి నడపమన్నారు. అదే క్షణం, అదే ఎర్ర వాక్యం. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆపరేషనైన కన్ను చికిలించి, మెల్లగా చదివారు.

“అడుగు చిన్నదంటే పెద్దది చెయ్యమని కాదు పాపా. ఎంత చిన్న అడుగేసినా దాటలేకుండా ఉండా, ఈడ ఏందో నిట్టనిలువుగా ఉండాది, వచ్చి చూడండి అని మొత్తుకుంటాండాది. నువ్వు దాన్ని ఎత్తుకోని గోడ అవతల దింపినావు.”

ఆ తర్వాత రెండు రోజులు మేం ఆ గోడ దగ్గరే కూర్చున్నాం. అంకెలను వదులు చెయ్యకుండా నడక పూర్తయ్యేలా చెయ్యాలన్నది ఆయన పట్టుదల. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. సారు మొండితనం ముందు కంప్యూటరు ఏపాటిది? నేను గీసిన బొమ్మలో ప్రతిదీ మరీ మంచి వస్తువుగా ఉందని ఒక్కొక్కటే చూపించారు. కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు క్షణం ఆలస్యం లేకుండా మూసుకుంటోంది. వైరుకు కాస్తయినా అడ్డు లేదు. బ్యాటరీ ఎప్పుడూ డీలాపడదు. ఇలాంటి లారీ బళ్ళారి రోడ్లమీద లేదు పాపా, పరలోకంలో ఉంటే ఉండచ్చు అన్నారు. ఒక్కో వస్తువుకు దాని నిజమైన లోపాన్ని ఇచ్చుకుంటూ వచ్చాం. పన్నెండుసార్లు ఆగింది. పన్నెండుసార్లూ నాచేత తర్జుమా చేయించారు. విసుగొచ్చి నేనొకసారి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, లేచి పట్టామీద నీళ్ళు కొట్టి వచ్చి మళ్ళీ కూర్చున్నారు. పదమూడోసారి ఆగకుండా నడిచింది. తెరమీద, వైరు అంటిన క్షణంలో, ఇరవైనాలుగు దగ్గరుండాల్సిన గీత సూదిలా నలభై ఆరు దాకా లేచి పడింది. చిప్పు ఓర్చుకునేది నలభై. పొడుగాటి వైరులో ఊపు అందుకున్న కరెంటు కన్వర్టరు వాకిట్లో ఎగిసిపడుతోంది. దాన్ని మింగి చల్లార్చడానికి అక్కడొక పెద్ద కెపాసిటరు పెడితే చాలు. గోళీకాయంత వస్తువు. దానికోసం ఒక మనిషి ఇంట్లో కూర్చున్నాడు.

మర్నాడు సారు నన్ను బసిరెడ్డి లారీల అడ్డాకు తీసుకెళ్ళారు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అక్కడ ఏ డ్రైవరు నావైపు చూసినా అందరికీ తెలిసిపోయిందనే అనుకున్నాను. కాలిన పెట్టెలకు మా పూచీ లేదని చెప్పడానికొచ్చామేమోనని బసిరెడ్డి నిలబడే మాట్లాడాడు. లోపం మాదేనని సారు అనగానే ఆయన కుర్చీ చూపించాడు. డ్రైవర్లు వైరు పీకుతున్నారన్న సంగతి ఆయనకు ముందే తెలుసు.

“పీకినాడు గదా సామ్యేలప్పా. తప్పు వానిది కాకపోతే ఎవరిది?”

“పీకేదీ పెట్టేదీ నీ అడ్డా సంగతప్పా, అది నువ్వూ వాళ్ళూ చూసుకోండి. నూరుసార్లు పీకి పెట్టినా మా పెట్టె కాలకూడదు. కాలేట్ల చేసింది మేము. ఈ పాప సరిగా చదవలా. నేను అడగలా. తప్పు ఇద్దరిది.”

దారిపొడవునా నేను రెండు మాటలకు సిద్ధపడి వచ్చాను. ఆయన నన్ను దాచి తప్పంతా తన నెత్తిన వేసుకుంటారు, లేదంటే నన్ను ముందుకు తోస్తారు. ఉన్నది ఉన్నట్టు, రెండు భాగాలుగా పంచి చెబుతారని ఊహించలేదు. సిగ్గుపడ్డాను, నిజమే. కానీ ఆ సిగ్గులో తలెత్తుకోవడానికి కొంత చోటుంది. బసిరెడ్డి మీసం దువ్వుకుని, పది రోజుల్లో నలభైయీ తిరగ చేసివ్వమన్నాడు. మాబు సంగతి అడిగితే, పెట్టెలు నిలిస్తే మాబూ నిలుస్తాడు అన్నాడు.

ఆ పది రోజులూ మేం ముగ్గురం తల తిప్పలేదు. ఈరమ్మక్క ఒక బల్ల, నేను ఒక బల్ల. తయారైన ప్రతి పెట్టెనూ సారు లారీ బ్యాటరీకి మూడు మీటర్ల వైరుతో, అచ్చం మాబులా, చటుక్కున అంటించి పీకి, అంటించి పీకి, పదేసిసార్లు పరీక్షించేవారు. అంటించిన ప్రతిసారీ చిటుక్కుమని నిప్పురవ్వ. కంటికి మంచిది కాదని పోట్లాడి నాలుగోనాటి నుంచి ఆ పని నేను తీసుకున్నాను. ముప్ఫై ఒకటో పెట్టె ఆరోసారి అంటించగానే పోయింది. పొగ కూడా రాలేదు. మీటరు ముల్లు చప్పున పడిపోయింది, అంతే. సారు వెనక గదిలో కంటిలో మందు వేయించుకుంటున్నారు. ఈరమ్మక్క ఆయన రెప్ప పట్టుకుని ఉంది. అదనపు బోర్డులు నాలుగు నా చేతికందేంత దూరంలో ఉన్నాయి. ఒకటి తీసి ఇందులో పెట్టేస్తే ఎవరికీ తెలియదు. అయినా డిజైను సరైనదేగా, ఇదేదో ఒక్కటి... అని మనసు అప్పుడే సర్ది చెప్పుకోవడం మొదలుపెట్టింది. అడుగు పెంచిన రోజున కూడా అది ఇలాగే మాట్లాడింది. ఆ గొంతు నేను పోల్చుకున్నాను.

సార్, ఒకటి పోయింది అని కేకేశాను.

కంటిలో మందు చెంపమీదికి కారుతుండగానే వచ్చారు. విప్పి చూస్తే కొత్తగా పెట్టిన కెపాసిటరు కాలు ఒకటి అతుక్కున్నట్టు మెరుస్తోంది, అతకలేదు. అది అతికించింది నేనే. డిజైనుది తప్పు కాదు, నా చేతిది. మొత్తం నలభై పెట్టెల కాళ్ళూ భూతద్దంతో మళ్ళీ చూశాం. ఇంకో రెండు దొరికాయి. ఆ రెండూ నా బల్ల మీదివే. అవి పదిసార్లూ నిలిచి పరీక్ష దాటిన పెట్టెలు, రోడ్డుమీద గతుకులకు ఏనాడో ఊడేవి.

పదోనాడు ప్రతి పెట్టెకూ ఒక చీటీ అంటించాలి. ‘పరీక్షించినవారు’ అని అచ్చువేసి, కింద సంతకానికి గీత. అన్నాళ్ళూ ఆ గీతమీద ఉండేది సారు పేరే. బళ్ళారిలో ఆ సంతకానికి విలువుంది. ఆయన చీటీల కట్ట నావైపు జరిపారు. నేను వెనక్కి జరిపాను. మీ పేరుంటేనే బసిరెడ్డి నమ్ముతాడు సార్ అన్నాను.

“పోయినసారి నా పేరే ఉండె గదా పాపా. కన్నుకు గుడ్డ కట్టుకోని ఉన్నోడి పేరు. ఈసారి చూసినోళ్ళ పేరు ఉండనీ.”

నలభైసార్లు పద్మావతి అని రాశాను. ఆ పెట్టెలు నిలిచాయి. మాబు లారీ ఎక్కాడు. కొన్నాళ్ళకు కనబడినప్పుడు, ఇప్పటికీ మధ్యాహ్నం వైరు పీకుతూనే ఉన్నానని గుట్టుగా చెప్పాడు.

సారు పోయి మూడేళ్ళయింది. వర్క్‌షాపు గదుల్లో ఇప్పుడు టైలరింగ్ షాపు ఉంది. నేను ఒక బెంగుళూరు కంపెనీకి ఇంటినుంచే పని చేస్తున్నాను. మా జట్టులో ఎవరి లెక్కలోనైనా తప్పు బయటపడితే, నేను ఏం అడగలేదో ముందు వెతుక్కుంటాను. ఆయన దగ్గర నేర్చుకున్న కరెంటు పాఠాలు చాలావరకు పాతబడ్డాయి. ఇది పాతబడలేదు, ఏనాడూ సులువుగానూ లేదు. నిన్న మా పైఅధికారి ఒక కన్వర్టరు రిపోర్టు పంపి, గీతలన్నీ సమంగానే ఉన్నాయి, సంతకం పెట్టేస్తే సాయంత్రానికి పంపేద్దాం అన్నాడు. నేనింకా చూడలేదు సార్ అన్నాను. చూడ్డానికేముంది, అందరూ చూశారు అన్నాడు. వాళ్ళందరి పేర్లూ రాయించండి, నాది మాత్రం నేను చూశాకే రాస్తాను అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నేను ఈ ఉదయం నుంచి చూస్తున్నాను.